తాళం వేసిన లేయర్ వెనక అమ్మ ఫోటో: ఒక పీఎస్‌డీ ఫైల్ కథ

"తొమ్మిదో రోజు బాబూ ఇవాళ. ఎల్లుండే పెద్దకర్మ. మాయమ్మ ఫోటో ఇందులో ఉంది గానీ లాకైపోనాదట, అవదన్నారు" అంటూ ఆయన నా టేబుల్ మీద పెన్‌డ్రైవ్ పెట్టారు. గుర్ల వైపు పల్లె నుంచి వచ్చారు. వయసు యాభై దాటి ఉంటుంది. అప్పటికే మధ్యాహ్నం నుంచి విజయనగరంలో రెండు చోట్ల తిరిగి, గంటస్తంభం దగ్గర ఎవరో చెబితే మా సందులోకి వచ్చారు.

ఆయన అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాను. పేర్లు, ఊరు వదిలేశాను. నేను పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు, ఆల్బమ్‌లు, పాత ఫోటోలు బాగుచేయడం పదిహేనేళ్లుగా చేస్తున్నాను. ఈ కేసు రాయాలనిపించడానికి కారణం ఒకటుంది. లేయర్ అంటే కంప్యూటర్‌లో బొమ్మ కట్టేటప్పుడు ఒకదాని మీద ఒకటి పరిచే పొర. "లేయర్ లాకైంది" అనే ఒక్క మాట కింద మా పనిలో ఐదారు వేర్వేరు సంగతులు ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో విరుగుడు. అవి దాదాపు అన్నీ ఆ సాయంత్రం ఒకే పనిలో ఎదురయ్యాయి. ఒకదాని విరుగుడు ఇంకోదానికి వాడి ఉంటే ఆయన తల్లి ఫోటో ఆ రోజే పోయేది.

సంగతి ఇదీ. 2019లో ఆయన కొత్త ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశానికి పది అడుగుల ఫ్లెక్సీ వేయించారు. అందులో ఎడమ పక్కన తల్లి నిలబడి ఉన్నారు. ఆ ఫోటో తీసిన ఫోన్ తర్వాత చెరువులో పడిపోయింది. ఫ్లెక్సీ వేసిన షాపు మూసేశారు. వాట్సాప్‌లో తిరిగిన ఫ్లెక్సీ బొమ్మ మిగిలింది గానీ, అందులో ఆవిడ ముఖం బొటనవేలి గోరంత. అదృష్టవశాత్తూ ఆ షాపు కుర్రాడు అప్పట్లో పీఎస్‌డీ ఫైల్‌ని, అంటే ఫోటోలు దిద్దే ఫోటోషాప్ సాఫ్ట్‌వేర్‌లో లేయర్లన్నీ విడివిడిగా ఉండే ఫైల్‌ని, పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాడు. బీరువాలో పట్టు చీరల కింద దొరికిందట.

"పాస్‌వర్డ్ ఆ కుర్రాడికే తెలుసునట కదా?" అని అడిగారు.

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతారు, అందుకే ఇక్కడే చెప్పేస్తాను. ఫోటోషాప్‌లో లేయర్ లాక్‌కి పాస్‌వర్డ్ ఉండదు. అది బీరువా తాళం లాంటిది కాదు, దొడ్డి గేటుకి పెట్టిన గడియ లాంటిది. పొరపాటున ఎవరూ కదపకుండా పెట్టుకునేది. ఫైల్ తెరవగలిగిన ఎవరైనా ఆ గడియ తీయగలరు. ఇంకో షాపులో "అవదు" అన్నారంటే వాళ్లకి చేతకాక కాదు, తీరిక లేకపోయి ఉంటుంది. ముహూర్తాల రోజులు అవి.

మొదట చేసిన పని

ఫైల్‌ని పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా తెరవలేదు. కంప్యూటర్‌లోకి కాపీ చేసి, దానికి ఇంకో కాపీ తీసి, ఆ రెండో కాపీ తెరిచాను. ఇది నాకు ఒక చేదు అనుభవం నేర్పిన అలవాటు.

కొన్నేళ్ల కిందట సిరిమానోత్సవం ముందు జరిగింది. మా ఊరి వాళ్లకి చెప్పక్కర్లేదు, దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను, ముందురోజు తొలేళ్లు. ఆ వారం మూడు లాంతర్ల నుంచి కోట దాకా భక్తులకు స్వాగతం పలికే ఫ్లెక్సీలే. నాకు వచ్చిన ఒక ఫైల్‌లో లేయర్లు కదలలేదు. తాళాలు ఒక్కొక్కటీ చూసే ఓపిక లేక, లేయర్లన్నిటినీ ఒకే బొమ్మగా కలిపేసే ఫ్లాటెన్ ఇమేజ్ కొట్టాను. "దాచి ఉన్న లేయర్లు తీసేయమంటావా?" అని సాఫ్ట్‌వేర్ అడిగింది. ఓకే నొక్కాను. కంట్రోల్ ఎస్ కొట్టి సేవ్ కూడా చేశాను. మర్నాడు ఆ కమిటీ పెద్దలు వచ్చి, ముందు పెట్టిన అమ్మవారి ఫోటోనే మళ్లీ పెట్టమన్నారు. ఆ ఫోటో దాచి ఉన్న లేయర్‌లోనే ఉండేది. ఇక లేదు. తొలేళ్ల రాత్రి తెల్లవార్లూ కూర్చుని మొత్తం మళ్లీ కట్టాను.

తాళం కనబడితే ఫ్లాటెన్ కొట్టే అలవాటు ఆ రాత్రితో మానేశాను. మానకపోయి ఉంటే ఈ కేసు మూడో నిమిషంలోనే ముగిసిపోయేది. ఎందుకో ముందుకి వెళ్తే తెలుస్తుంది.

ఫైల్ లోపల

ఫైల్ కొలత 10×8 అంగుళాలు, రిజల్యూషన్ 200, అంటే అంగుళానికి 200 పిక్సెల్స్ (రంగు చుక్కలు). అడుగుకి అంగుళం లెక్కన కట్టి, ప్రింట్ దగ్గర పెంచుకునే పద్ధతి. చాలా చిన్న షాపుల్లో ఇలాగే చేస్తారు, సిస్టమ్ మీద బరువు పడకుండా. అంటే మొత్తం బొమ్మ 2000×1600 పిక్సెల్స్. అందులో ఆవిడ నిలువు రెండున్నర అంగుళాలు, అంటే 500 పిక్సెల్స్. వాళ్లకి కావలసింది 12×18 ఫోటో ఫ్రేమ్. 300 రిజల్యూషన్‌కి నిలువు 5400 పిక్సెల్స్ కావాలి. 500ని 5400 చేస్తే ముఖం మైనం బొమ్మలా వస్తుంది.

ఈ లెక్క చూసి నా మనసు కుంగింది. ఆయనకి మాత్రం చెప్పలేదు. "టీ తాగి రండి అన్నయ్యా, చూస్తాను" అన్నాను.

లేయర్ల పట్టీలో నలభైకి పైగా లేయర్లు, ఐదు గ్రూపులు. పేర్లన్నీ "లేయర్ 12 కాపీ 3" తరహా. కుడి పక్కన చాలా చోట్ల తాళం బొమ్మ. కానీ ఆ తాళాలన్నీ ఒకేలా లేవు. కొన్ని నిండుగా ఉన్నాయి, కొన్ని లోపల ఖాళీగా గీతలా ఉన్నాయి, కొన్ని మసకగా ఉన్నాయి. ఈ మూడింటికీ మూడు అర్థాలు.

నిండు తాళం అంటే ఆ లేయర్ పూర్తిగా బంధించి ఉందని. ఖాళీ తాళం అంటే కొంత భాగానికే లాక్ ఉందని. ఆ లేయర్‌ని ఎంచుకుని పట్టీ పైభాగంలో "లాక్" అని ఉన్న వరుస చూస్తే దేనికో తెలుస్తుంది. గళ్ల బొమ్మ వెలిగి ఉంటే పారదర్శక పిక్సెల్స్‌కి, బ్రష్ బొమ్మ అయితే రంగు వేయడానికి, నాలుగు బాణాల బొమ్మ అయితే కదపడానికి. ఏది వెలిగి ఉంటే దాని మీద నొక్కితే చాలు. మసక తాళం మాత్రం చాలామందిని తిప్పలు పెడుతుంది. అది ఆ లేయర్‌ది కాదు, దాని పైనున్న గ్రూప్‌ది. లేయర్ దగ్గర ఎంత నొక్కినా ఫలితం ఉండదు. గ్రూప్ ఫోల్డర్ మీదకి వెళ్లి అక్కడి తాళం తీయాలి, అప్పుడు లోపలివన్నీ విడతాయి. అప్పటికీ విడవనిది ఏదైనా ఉంటే దానికి సొంత తాళం కూడా ఉన్నట్టు.

అట్టడుగున బ్యాక్‌గ్రౌండ్ లేయర్. దీనికి తాళం మనం వేసేది కాదు, పుట్టుకతో వచ్చేది. జేపెగ్ ఏది తెరిచినా ఇలాగే వస్తుంది. దాన్ని పైకి జరపలేం, వెనక ఖాళీ చేయలేం, బ్లెండ్ మోడ్ (మిగతా లేయర్లతో రంగులు కలిసే తీరు) మార్చలేం. కొత్త వెర్షన్లలో తాళం బొమ్మ మీద ఒక్క నొక్కు నొక్కితే లేయర్ 0 అయిపోతుంది. పాత వెర్షన్లలో రెండుసార్లు నొక్కితే పేరు అడుగుతుంది, ఓకే అంటే చాలు. ఇక్కడ దాని అవసరం నాకు లేదు కాబట్టి ముట్టుకోలేదు.

రబ్బరు సున్నం పూసింది

ఆవిడ ఉన్న గ్రూప్ తాళం తీశాను. ఆవిడ లేయర్‌కి సొంతంగా ఖాళీ తాళం ఉంది. ఎవరో కత్తిరించి పెట్టిన బొమ్మ. భుజం చుట్టూ సన్నగా ఆకుపచ్చ అంచు మిగిలిపోయింది, వెనక గోడ రంగు అనుకుంటాను. ముందు ఆ అంచు తీద్దామని రబ్బరు (ఎరేజర్) తీసుకుని భుజం మీద నడిపాను. అంచు పోలేదు. దాని మీద తెల్లగా, సున్నం పూసినట్టు వచ్చింది.

ఇది ఎక్కడైనా మీకు జరిగితే మౌస్‌నీ సాఫ్ట్‌వేర్‌నీ అనుమానించకండి. గళ్ల లాక్ ఉన్న లేయర్‌లో రబ్బరు పిక్సెల్స్‌ని తీసేయలేదు, ఎందుకంటే తీసేస్తే ఆ చోటు పారదర్శకం అవుతుంది, దానికి లాక్ అడ్డు. అందుకని తుడిచిన చోట బ్యాక్‌గ్రౌండ్ రంగు వేసేస్తుంది. నా దగ్గర ఆ రంగు తెలుపు ఉంది కాబట్టి సున్నంలా వచ్చింది. బ్యాక్‌గ్రౌండ్ లేయర్ మీద రబ్బరు వాడినా ఇదే జరుగుతుంది.

రెండడుగులు వెనక్కి వెళ్లి, గళ్ల లాక్ తీశాను. కీబోర్డు మీద ముందుకి వాలిన గీత (/) ఉంది చూడండి, అది నొక్కినా ఈ లాక్ పడుతూ లేస్తూ ఉంటుంది. తెలియకుండా ఆ కీ మీద వేలు పడి, "నా ఫైల్ దానంతటదే లాకైపోయింది" అని ఫోన్ చేసిన కుర్రాళ్లు నాకు ముగ్గురైనా ఉన్నారు.

లాక్ తీశాక అంచు చక్కగా పోయింది. అయినా 500 పిక్సెల్స్ 500 పిక్సెల్సే. ఆయన టీ తాగి వచ్చి నా వెనక నిలబడ్డారు. స్క్రీన్ మీద తల్లి ముఖం పెద్దది చేసి చూపించాను. కాసేపు చూసి మెల్లగా అన్నారు:

"ఈవిడ మాయమ్మే గానీ... ముక్కుపుడకలేవి బాబూ?"

నేను గమనించలేదు. ఆవిడ ముక్కుకి రెండు వైపులా పుడకలు పెట్టుకునేవారట, చిన్నప్పటి నుంచీ. ఫ్లెక్సీకి ముఖం నున్నగా చేస్తూ ఆ డిజైనర్ మచ్చలతో పాటు అవీ చెరిపేశాడు. దూరం నుంచి చూసే ఫ్లెక్సీలో అది ఎవరికీ కనబడదు. ఇంట్లో రోజూ దండం పెట్టుకునే ఫోటోలో కొడుకుకి మొట్టమొదట కనబడేది అదే.

కన్ను మూసిన లేయర్

అప్పుడు ఆ గ్రూప్‌ని పై నుంచి కింద దాకా మళ్లీ చూశాను. అన్నిటికంటే అడుగున ఒక లేయర్. ఎడమ పక్కన కన్ను బొమ్మ లేదు, అంటే దాచి ఉంది. కుడి పక్కన నిండు తాళం. చిన్న బొమ్మ మూలలో మడత పెట్టిన కాగితం లాంటి గుర్తు. స్మార్ట్ ఆబ్జెక్ట్!

ఒక్క మాట, కొత్తవాళ్ల కోసం. ఫోటోషాప్‌కి లేయర్లు 1994లో మూడో వెర్షన్‌తో వచ్చాయి. స్మార్ట్ ఆబ్జెక్ట్ 2005లో సీఎస్2తో వచ్చింది. ఫోల్డర్ నుంచి ఫోటోని లాక్కొచ్చి తెరిచి ఉన్న ఫైల్ మీద వదిలితే మామూలుగా అది స్మార్ట్ ఆబ్జెక్ట్‌గానే దిగుతుంది. పైకి ఎంత చిన్నది చేసినా లోపల అసలు ఫోటో అసలు కొలతలోనే ఉంటుంది. పేటికలో పెట్టి మూత వేసినట్టు.

తాళం తీశాను. కన్ను తెరిచాను. లేయర్ మీద కుడి నొక్కు నొక్కి "ఎక్స్‌పోర్ట్ కంటెంట్స్" ఎంచుకున్నాను. లోపల ఏ రకం ఫైల్ పెట్టి ఉంటే ఆ రకంగానే బయటికి ఇస్తుంది ఈ కమాండ్. జేపెగ్ వచ్చింది. 3456×4608 పిక్సెల్స్. ఫోన్‌లో తీసిన అసలు ఫోటో. వరండాలో, ఆకుపచ్చ గోడ ముందు, నేత చీర కట్టుకుని నిలబడి ఉన్నారు. నడుము నుంచి తల దాకా 2600 పిక్సెల్స్. రెండు ముక్కుపుడకలూ ఉన్నాయి, ఎడమ దాని మీద కొంచెం వెలుగు కూడా పడింది.

ఆయన ఏమీ మాట్లాడలేదు. కండువాతో కళ్లు ఒత్తుకుని స్టూల్ మీద కూర్చున్నారు.

నాకు మాత్రం ఆ కుర్రాడి మీద గౌరవం కలిగింది. అతను ఫ్లెక్సీ కోసం కాపీ తీసి, దాన్ని కత్తిరించి, నున్నగా చేసి, అసలుదాన్ని పారేయకుండా అడుగున పెట్టి, కన్ను మూసి, తాళం వేశాడు. ఎవరూ పొరపాటున చెరపకూడదని. నేను పాత అలవాటు ప్రకారం ఫ్లాటెన్ కొట్టి "దాచినవి తీసేయనా" అన్నదానికి ఓకే అని ఉంటే, తీసేసేది సరిగ్గా ఈ లేయర్‌నే.

అందుకే మా దగ్గర పని నేర్చుకునే పిల్లలకి తాళం ఎలా తీయాలో చెప్పే ముందు, ఆ తాళం దేనికి వేశారో చదవమంటాను. దాచి పెట్టి తాళం వేసినదయితే రెండింతలు జాగ్రత్తగా చూడాలి. పనికిరానిదాన్ని ఎవరూ తాళం వేసి దాచరు.

ఇంకో రెండు చిక్కులు

ఆయన కూతురు విశాఖలో చదువుతోంది. ఫోటో కింద పెట్టడానికి దీపం బొమ్మ ఫోన్‌లో పంపింది. జిఫ్ ఫైల్. తెరిస్తే లేయర్ పేరు "ఇండెక్స్" అని ఉంది, పక్కన తాళం. దీని మీద నొక్కినా, రెండుసార్లు నొక్కినా విడవదు. ఇది లేయర్ లాక్ కాదు, రంగుల పద్ధతి తెచ్చిన కట్టు. ఇండెక్స్‌డ్ కలర్‌లో గరిష్ఠంగా 256 రంగులే ఉంటాయి, లేయర్లకి అక్కడ చోటు లేదు. ఇమేజ్ మెనూలో మోడ్‌కి వెళ్లి ఆర్‌జీబీ (స్క్రీన్ వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం పద్ధతి) చేస్తే తాళం దానంతటదే పోతుంది. పది సెకన్ల పని, తెలియకపోతే గంట.

రెండోది అక్షరాల సంగతి. ఫ్లెక్సీలో ఆవిడ పేరు తెలుగులో ఉంది, అదే వాడుకుందామని దిద్దబోతే పేరు బదులు అర్థం కాని ఇంగ్లిష్ అక్షరాలు, లేయర్ మీద హెచ్చరిక త్రికోణం. ఇంగ్లిష్ అక్షరాల చోట్లోనే తెలుగు అక్షరాల బొమ్మలు పెట్టే పాత అను ఫాంట్లతో కొట్టినది. ఆ ఫాంట్ మన సిస్టమ్‌లో లేకపోతే ఇలాగే వస్తుంది. టెక్స్ట్ లేయర్‌కి గళ్ల లాక్, బ్రష్ లాక్ సహజంగానే పడి ఉంటాయి, వాటిని తీయడం కుదరదు. కుదరడం లేదని అక్షరాల్ని రాస్టరైజ్ చేసేవాళ్లని చూశాను. అలా చేస్తే ఆ గజిబిజి శాశ్వతంగా బొమ్మ అయిపోతుంది, తర్వాత ఫాంట్ దొరికినా పేరు తిరిగి రాదు.

నేను ఆ లేయర్‌ని అలాగే వదిలి, కొత్తగా యూనికోడ్‌లో (ఫాంట్ మారినా తెలుగు తెలుగుగానే ఉండే పద్ధతి) "గిడుగు" ఫాంట్‌తో కొట్టాను. శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన గిడుగు రామమూర్తి గారి పేరు పెట్టిన ఉచిత ఫాంట్ అది. ఫోటోషాప్ పాత వెర్షన్లలో అయితే సెట్టింగుల్లో టైప్ దగ్గర దక్షిణాసియా భాషల ఎంపిక పెట్టి ఉండాలి. లేకపోతే "స్వర్గీయ" అని కొడితే వ వత్తు కిందకి దిగదు, పొల్లు పెట్టిన స పక్కన విడిగా కూర్చుంటుంది. పెద్దకర్మ ఫోటో మీద అక్షరం విరిగి ఉండటం నేను ఒప్పుకోను. ఒకటికి రెండుసార్లు ఆయన చేతే చదివించాను.

"స్వర్గీయ వద్దు బాబూ" అన్నారు చివరికి. "అమ్మ అని రాసీ, కింద పేరు రాసీ." అలాగే చేశాను.

ప్రింట్

మిగతాది మామూలు పని. గోడ తీసేసి లేత రంగు వెనక పెట్టాను. ముఖంలో ముడతలు ముట్టుకోలేదు. నీడ పడిన కుడి చెంపని మాత్రం వెలుగు సరిచేసే కర్వ్స్ లేయర్‌తో కొద్దిగా పైకి తెచ్చాను. జుట్టు అంచులు మాస్క్ (బొమ్మలో కొంత భాగాన్ని చెరపకుండా దాచే తెర) మీద చిన్న బ్రష్‌తో ఒక్కొక్కటిగా తీయడానికి గంట పట్టింది. ఫ్రేములో ఆవిడ బొమ్మ పదమూడు అంగుళాలు వచ్చింది, అంటే అంగుళానికి 200 పిక్సెల్స్. చేతిలో పట్టుకుని చూసే ఆల్బమ్‌కి అది కాస్త తక్కువే, గోడ మీద ఫోటోకి నిండుగా సరిపోతుంది. ఫ్లెక్సీ ఫైల్ సీఎంవైకేలో (ప్రింటు సిరాల రంగుల పద్ధతి) ఉంది, లోపలి అసలు ఫోటో ఆర్‌జీబీలో ఉంది కాబట్టి ఫోటో ల్యాబ్‌కి కావలసిన రంగులూ చెడకుండా దక్కాయి. రాత్రి తొమ్మిదికి పంపాను, మర్నాడు పదకొండుకి ఫ్రేము కట్టి ఇచ్చారు.

డబ్బులు ఎంత అని అడిగితే ఫ్రేము ఖర్చు, ల్యాబ్ ఖర్చు తీసుకున్నాను. ఆయన ఊరుకోలేదు, సంచిలోంచి నాలుగు కొబ్బరికాయలు తీసి టేబుల్ మీద పెట్టి వెళ్లారు.

వెళ్లే ముందు పెన్‌డ్రైవ్ అడిగి తీసుకున్నాను. పాత పీఎస్‌డీని అలాగే ఉంచాను. పక్కన అసలు జేపెగ్‌ని విడిగా వేశాను, ఇక దాని కోసం ఎవరూ ఫోటోషాప్ తెరవక్కర్లేదు. కూతురికి మెయిల్ కూడా చేశాను, పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దని చెప్పి. కొత్త పీఎస్‌డీలో లేయర్లన్నిటికీ తెలుగులో పేర్లు పెట్టాను. అన్నిటికంటే అడుగున ఆ స్మార్ట్ ఆబ్జెక్ట్‌ని పెట్టి, "అమ్మ - అసలు ఫోటో - చెరపవద్దు" అని రాసి, కన్ను మూసి, తాళం వేశాను.